విదేశాలకు వెళ్తున్నారా? నంబరు పోకుండా, నెట్ ఆగకుండా ఇలా సర్దుకోండి

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్ చూసినా ఎవరో ఒకరు శంషాబాద్ దారిలోనే ఉంటున్నారు. డాలస్‌లో కూతురి పురుడుకి వెళ్లే అమ్మలు, ఉమ్రాకి జెడ్డా వెళ్లే కుటుంబాలు, నాలుగు రోజులు బ్యాంకాక్ చూసొద్దామనుకునే ఆఫీసు బ్యాచ్‌లు. అందరూ అడిగేది మాత్రం ఒకటే. మన సిమ్ అక్కడ పనిచేస్తుందా? ఓటీపీలు వస్తాయా? వాట్సాప్ పోతుందా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

ముందుగా ఒక్కటి మనసులో పెట్టుకోండి: నంబరు వేరు, నెట్ వేరు. మీ ఇండియా నంబరుకున్న పని ఓటీపీలు అందుకోవడం, మరీ అవసరమైతే ఒక కాల్ మాట్లాడటం. నెట్ మాత్రం అక్కడి సిమ్ నుంచో, ప్రత్యేకంగా వేసుకున్న ప్యాక్ నుంచో రావాలి. ఏ ప్యాకూ లేకుండా డేటా ఆన్‌లో ఉంచుకుని దిగేవాళ్లకు బిల్లు మోగిపోతుంది. ఖర్చవుతుందని సిమ్ తీసి బీరువాలో పెట్టి వెళ్లేవాళ్లకు ఓటీపీ తిప్పలు. కింద చెప్పిన పనులన్నీ ఈ రెండూ జరగకుండా చూసుకోవడానికే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెండు సిమ్‌లు పట్టే ఫోన్, లేదా ఒక సిమ్‌తో పాటు ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోకి దింపుకునే సిమ్) ఉన్న ఫోన్
- పాస్‌పోర్టు, వీసా, టికెట్ల ఫొటోలు. అవి ఫోన్‌లోనూ ఉండాలి, కాగితం మీదా ఉండాలి
- సిమ్ ట్రే తీసే పిన్. లేకపోతే సన్నటి గుండుసూది. దీన్ని చేతి బ్యాగులో పెట్టుకోండి, చెకిన్ లగేజీలో కాదు
- వెళ్లే దేశానికి సరిపోయే ప్లగ్ అడాప్టర్, పవర్ బ్యాంక్
- ఇంట్లో వైఫై, ఇంకో ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ (ఈ-సిమ్ వేసేటప్పుడు క్యూఆర్ కోడ్ చూపించడానికి)
- ఇక్కడ ఉండిపోయే ఒక నమ్మకమైన మనిషి. రీచార్జ్ చేయడానికి, మీ నంబరుకి ఫోన్ చేసి చూడటానికి పనికొస్తారు

అడాప్టర్ కోసం ఎయిర్‌పోర్టు దాకా ఆగకండి. కోఠీ గుజరాతీ గల్లీలోనో, ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లోనో ముందే తెచ్చుకోండి. అమెరికాకు రెండు చదును పుల్లల ప్లగ్. దుబాయ్, సింగపూర్, లండన్‌లకు మూడు లావుపాటి చదును పుల్లలది. యూరప్‌లో చాలా దేశాలకు రెండు గుండ్రటి పుల్లలది. ఛార్జర్ వెనక సన్నటి అక్షరాల్లో "ఇన్‌పుట్ 100-240" అని ఉంటే అడాప్టర్ ఒక్కటే చాలు, వోల్టేజీ మార్చే కన్వర్టర్ అక్కర్లేదు. అమెరికాలో కరెంటు 120 వోల్టులే కాబట్టి ఇక్కడి మిక్సీ, కుక్కర్ ఈ అడాప్టర్‌కి తగిలించొద్దు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే పెట్టాలి. 100 వాట్-అవర్ల లోపు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్ వరకు మామూలుగా ఒప్పుకుంటారు. ఎమిరేట్స్‌లో వెళ్తుంటే 2025 అక్టోబర్ నుంచి మనిషికి ఒక్కటే అనుమతి, విమానంలో దాన్ని వాడనివ్వరు.

1. ఫోన్ అక్కడ పనిచేస్తుందో లేదో చూడండి (కనీసం రెండు వారాల ముందు)

డయల్ ప్యాడ్‌లో *#06# కొట్టండి. ఐఎంఈఐ నంబర్లతో (ఫోన్ గుర్తింపు నంబర్లు) పాటు ఈఐడీ అని 32 అంకెల పొడవాటి నంబరు కనిపించి, సెట్టింగ్స్‌లో సిమ్ పేజీకి వెళ్తే "యాడ్ ఈ-సిమ్" అని కూడా ఉంటే మీ ఫోన్‌లో ఈ-సిమ్ ఉన్నట్టే. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచి ఇది ఉంది. ఆండ్రాయిడ్‌లో ఖరీదైన మోడళ్లకు ఎక్కువగా ఉంటుంది, పది పదిహేను వేల ఫోన్లలో చాలావాటికి ఉండదు. లేకపోతే కంగారేం లేదు, మామూలు సిమ్ రెండో స్లాట్‌లో వేసుకోవచ్చు. రెండో స్లాట్‌లో మెమరీ కార్డు కూర్చుని ఉంటే దాన్ని తీసేయాలేమో ఇప్పుడే చూసుకోండి.

అమెరికా నుంచి పిల్లలు పంపిన ఐఫోన్ వాడేవాళ్లు రెండు సంగతులు చూడాలి. అక్కడ అమ్మే ఐఫోన్ 14కీ, ఆ తర్వాతి మోడళ్లకీ సిమ్ పెట్టే ట్రేనే ఉండదు, అన్నీ ఈ-సిమ్‌లే. రెండోది లాక్. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికి జరిపితే "క్యారియర్ లాక్" అని ఉంటుంది. దాని పక్కన "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉండాలి. వేరే ఏమున్నా ఆ ఫోన్ ఒక కంపెనీకి కట్టేసి ఉన్నట్టు, వేరే సిమ్ తీసుకోదు.

చాలామంది చూడనిదీ, దిగాక ఏడిపించేదీ బ్యాండ్ల సంగతి (బ్యాండ్లంటే సిగ్నల్ నడిచే తరంగాల దారులు, వాటికి నంబర్లుంటాయి). మన దేశంలో 4జీ ఎక్కువగా 1, 3, 5, 8, 40, 41 బ్యాండ్ల మీద నడుస్తుంది. అమెరికాలో 2, 12, 66, 71 లాంటివి ముఖ్యం. ఇక్కడి మార్కెట్ కోసం చేసిన చవక ఫోన్లలో ఇవన్నీ ఉండవు. అప్పుడు సిమ్ బాగానే ఉంటుంది, బజార్లో సిగ్నల్ వస్తుంది, ఇంట్లోకి రాగానే "నో సర్వీస్" అంటుంది. కంపెనీ సైటులో మీ మోడల్ నంబరు కొట్టి బ్యాండ్ల జాబితా చూడండి. పేరు ఒకటే అయినా ఇండియా మోడల్‌కీ, అమెరికా మోడల్‌కీ బ్యాండ్లు వేరుగా ఉండొచ్చు కాబట్టి పేరుతో కాదు, మోడల్ నంబరుతో వెతకండి.

అమెరికాలో 2022 నాటికే పెద్ద కంపెనీలు 3జీని ఆపేశాయి. ఆస్ట్రేలియా 2024లో ఆపేసింది. అంటే అక్కడ మామూలు కాల్ కూడా 4జీ మీదుగానే పోవాలి, దాన్నే వోల్టే అంటారు. ఆస్ట్రేలియాలో అయితే ఎమర్జెన్సీ నంబరుకి వోల్టే కాల్ చేయలేని ఫోన్లను నెట్‌వర్క్ మీదకే రానివ్వరు. అమెరికాలో ఏటీ అండ్ టీ తమ జాబితాలో లేని ఫోన్లను తీసుకోదు. మన ఇండియా ఫోన్లతో టీ-మొబైల్ దగ్గర ఈ పేచీ తక్కువ. ఏ కంపెనీ సిమ్ కొనాలన్నా ముందు వాళ్ల సైటులో మీ ఐఎంఈఐ కొట్టి చూడండి, రెండు నిమిషాల పని.

2. నెట్ ఎక్కడి నుంచి తీసుకోవాలో తేల్చుకోండి

దారులు మూడు. ఎన్ని రోజులు ఉంటారన్నదాన్ని బట్టి ఎంచుకోండి.

వారం లోపు ప్రయాణమైతే మీ ఇండియా కంపెనీ రోమింగ్ ప్యాకే మేలు (రోమింగ్ అంటే మన సిమ్ అక్కడి కంపెనీ నెట్‌వర్క్ మీద నడవడం). ఎయిర్‌టెల్, జియో, వీఐ యాప్‌లలో దేశం పేరు కొడితే ప్యాకులు కనిపిస్తాయి. ఒక్కో జీబీ లెక్కన చూస్తే ఖరీదే. కానీ సిమ్ మార్చే పని లేదు, నంబరు అదే, కాల్స్ కూడా కలిసి వస్తాయి. ఫోన్ సెట్టింగ్స్ అంటే భయపడే పెద్దవాళ్లకు కొంచెం ఎక్కువైనా ఇదే వేయించండి. కొనే ముందు మూడు చూడండి: మీరు వెళ్లే దేశం ఆ ప్యాక్ జాబితాలో ఉందా, మధ్యలో విమానం మారే దేశం ఉందా, రోజు లెక్క 24 గంటలా లేక క్యాలెండర్ రోజా.

వారం దాటి నెల లోపైతే ట్రావెల్ ఈ-సిమ్ గానీ, అక్కడి టూరిస్ట్ సిమ్ గానీ. ఈ-సిమ్‌ను ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు, దిగగానే నెట్ వస్తుంది. అయితే విదేశీ సిమ్‌లు మన దేశంలో అమ్మాలంటే టెలికాం శాఖ అనుమతి ఉండాలి. అది లేదని 2024 జనవరిలో ఐరాలో, హోలాఫ్లై యాప్‌లను ఇక్కడి యాప్ స్టోర్ల నుంచి తీయించారు. కాబట్టి అన్నయ్య కొడుకు చెప్పిన యాప్ మీకు దొరకలేదంటే ఫోన్ తప్పు కాదు. అనుమతి ఉన్న అమ్మకందారు దగ్గర కొనండి, లేదా వెళ్లే దేశంలోని టెలికాం కంపెనీ టూరిస్ట్ సిమ్ తీసుకోండి. ట్రావెల్ ఈ-సిమ్‌లు చాలావరకు డేటాకు మాత్రమే. వాటికి ఫోన్ నంబరు ఉండదు. "అన్‌లిమిటెడ్" అని ఉంటే రోజుకు ఎంత వాడాక స్పీడు తగ్గిస్తారో కింద చిన్న అక్షరాల్లో చదవండి.

నెల దాటితే అక్కడి సిమ్మే. పిల్లల దగ్గరికి వెళ్తుంటే వాళ్ల ఫ్యామిలీ ప్లాన్‌లో మీకో లైన్ కలపమనండి, విడిగా కొనేకంటే తరచూ చవక పడుతుంది. వాళ్లనే ముందుగా క్యూఆర్ కోడ్ పంపమనొచ్చు.

పిల్లల ఇంట్లో వైఫై ఉంటుంది కదా, సిమ్ ఎందుకు అని కొందరు పెద్దలు మొండికేస్తారు. ఇంట్లో ఉన్నంతసేపు నిజమే. కాస్ట్‌కో లాంటి పెద్ద సూపర్‌మార్కెట్‌లో కోడలు ఒక వరసలో, మీరు ఒక వరసలో తప్పిపోయినప్పుడు తెలుస్తుంది. చిన్నదైనా ఒక ప్లాన్ ఉండాల్సిందే.

3. ఇండియా నంబరును కాపాడుకోండి

ముందు వ్యాలిడిటీ. తిరిగొచ్చే తేదీ దాటి ఇంకో నెల వరకు ప్లాన్ నడిచేలా రీచార్జ్ చేయండి. ఆరు నెలలకు వెళ్తుంటే ఏడాది ప్లాన్ వేసేయడమే సుఖం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకం లేకుండా ఉంటే తీసేయొచ్చు. బ్యాలెన్స్‌లో 20 రూపాయలుంటే దాన్ని మినహాయించుకుని మరో 30 రోజులు ఉంచుతారు. ఇది నంబరు ఇంకొకరికి పోకుండా కాపాడుతుందంతే. ప్లాన్ అయిపోయాక ఇన్‌కమింగ్ ఆగిపోతే ఓటీపీ రాదు. కాబట్టి 20 రూపాయలను నమ్ముకోకండి.

తర్వాత మీ సిమ్ కంపెనీ యాప్‌లో అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయండి. ప్యాక్ కొనకపోయినా ఇది చేయాలి, ఇది లేకపోతే సిమ్ అక్కడి నెట్‌వర్క్‌కే ఎక్కదు, ఎస్సెమ్మెస్ రాదు. ఇన్‌కమింగ్ ఎస్సెమ్మెస్‌కు మామూలుగా ఛార్జీ ఉండదు. మీ ప్లాన్‌లో ఎలా ఉందో అదే యాప్‌లో కనిపిస్తుంది. ఈ ఆన్ చేయడం ఇండియాలో ఉన్నప్పుడే చేయండి. అక్కడికి వెళ్లాక చేద్దామంటే దానికీ ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ రావాలంటే రోమింగ్ ఉండాలి.

మూడోది కాల్ ఫార్వర్డింగ్, అంటే మీకొచ్చే కాల్ వేరే నంబరుకి మళ్లించడం. ఎప్పుడో పెట్టి మర్చిపోయి ఉంటారు. రోమింగ్‌లో మీరు ఎత్తని కాల్ ఫార్వర్డ్ అయితే దానికి ఐఎస్‌డీ (విదేశీ కాల్) రేటు పడొచ్చు. ##002# డయల్ చేస్తే అన్ని ఫార్వర్డింగులూ రద్దవుతాయి.

సిమ్‌ను ఈ-సిమ్‌గా మార్చడం, పాత సిమ్ బదులు కొత్తది తీసుకోవడం లాంటివి ప్రయాణానికి వారం ముందే ముగించండి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు. రేపు ఫ్లైట్ అనగా ఇవాళ మారిస్తే వెబ్ చెకిన్ ఓటీపీ దగ్గర్నుంచే టెన్షన్.

4. బ్యాంకు, యూపీఐ, వాట్సాప్

- బ్యాంకు ఖాతాకు మీ ఈమెయిల్ జత చేయించండి. చాలా బ్యాంకులు ఓటీపీని మెయిల్‌కి కూడా పంపుతాయి.
- కార్డులో అంతర్జాతీయ వాడకాన్ని ఆన్ చేయండి. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన వల్ల కొత్త కార్డులకు అది మూసే ఉంటుంది, మీరే తెరవాలి. పరిమితి చిన్నది పెట్టుకోండి.
- యూపీఐ యాప్‌లను తీసేయడం, లాగౌట్ కావడం, ఫోన్ రీసెట్ చేయడం వద్దు. మళ్లీ వేసేటప్పుడు మీ ఫోన్ నుంచి ఎస్సెమ్మెస్ పోవాలి, రోమింగ్‌లో అది డబ్బులు తింటుంది, ఒక్కోసారి పోదు కూడా.
- ప్రయాణం కోసం కొత్త ఫోన్ కొన్నారా? బ్యాంకు, యూపీఐ యాప్‌లన్నీ ఇక్కడే పెట్టి, ఒక రూపాయి ఎవరికైనా పంపి చూశాకే పాతది పక్కన పెట్టండి.
- వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టండి. కొత్త సిమ్ వేశాక నంబరు మార్చమంటారా అని అడిగితే వద్దనండి. పాత నంబరుతోనే నడుస్తుంది.

మెసేజింగ్ యాప్‌లు ఫోన్‌లో ఉన్న సిమ్‌తో ముడిపడి ఉండాలని 2025 నవంబర్‌లో టెలికాం శాఖ ఆదేశాలిచ్చింది. ఇండియా సిమ్‌ను ఫోన్‌లోంచి తీయొద్దనడానికి ఇదింకో కారణం.

ఇక కాంటాక్టులు. పేర్లన్నీ +91తో సేవ్ చేసి ఉండాలి. ఉత్త పది అంకెలుంటే అక్కడి నుంచి కాల్ పోదు, లేదా ఎవరికో పోతుంది. హైదరాబాద్ ల్యాండ్‌లైన్ అయితే ముందున్న సున్నా తీసేసి +91 40 తర్వాత మిగతా అంకెలు. అందరివీ మార్చే ఓపిక లేకపోతే ఇంటివాళ్లు, బ్యాంకు, డాక్టరు, ట్రావెల్స్ వాళ్లవి మాత్రం మార్చండి. అక్కడి ఎమర్జెన్సీ నంబరు కూడా రాసిపెట్టుకోండి: అమెరికాలో 911, యూరప్‌లో 112, యూకేలోనూ యూఏఈలోనూ 999.

5. ఈ-సిమ్ ఇంట్లోనే వేసుకోండి

ఎయిర్‌పోర్టు వైఫై మీద వేద్దామనుకుంటారు, అది మధ్యలో తెగుతుంది. ఇంటి వైఫై మీద, ప్రయాణానికి ఒకరోజు ముందు చేయండి.

క్యూఆర్ కోడ్‌ను ఇంకో ఫోన్‌లో తెరవండి. మీ ఫోన్‌లో సెట్టింగ్స్, సిమ్, యాడ్ ఈ-సిమ్ నొక్కి కెమెరాతో చూపించండి. "ట్రావెల్" అనో "అమెరికా" అనో పేరు పెట్టండి. డిఫాల్ట్ సిమ్ ఏదని అడిగితే ఇప్పటికి కాల్స్‌కీ, డేటాకీ ఇండియా సిమ్మే అనండి. కొత్త లైన్‌ను ఆఫ్‌లో ఉంచండి.

జాగ్రత్త: చాలా క్యూఆర్ కోడ్‌లు ఒక్కసారే పనిచేస్తాయి. సిగ్నల్ రావట్లేదని ఈ-సిమ్‌ను డిలీట్ చేశారంటే మళ్లీ కొనుక్కోవాల్సిందే. ఇండియాలో దానికి సిగ్నల్ రాకపోవడం మామూలే, అది వెళ్లే దేశానిది. ఇంకోటి, గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందో చదవండి. కొన్ని ప్లాన్లకు అక్కడి నెట్‌వర్క్ తగిలినప్పుడు, కొన్నిటికి ఇన్‌స్టాల్ చేసిన క్షణం నుంచే లెక్క.

6. ముందురోజు రాత్రి సెట్టింగ్స్

ఈ మెట్టు మాత్రం తొందరపడి దాటేయకండి. బిల్లు మోతలన్నీ ఇక్కడ వదిలేసినవాటివే.

- ఇండియా సిమ్‌కు డేటా రోమింగ్ ఆఫ్. (రోమింగ్ ప్యాక్ కొన్నవాళ్లకు మాత్రం ఆన్.)
- ఇండియా సిమ్ మాత్రం ఆన్‌లోనే ఉండాలి. డేటా ఆపమంటే సిమ్మునే ఆపేసేవాళ్లు బోలెడుమంది, ఆ తర్వాత ఓటీపీ రాలేదని మనకు ఫోన్.
- ఐఫోన్‌లో "అలో సెల్యులార్ డేటా స్విచింగ్" ఆఫ్. ఆండ్రాయిడ్‌లో ఆటో డేటా స్విచింగ్ ఆఫ్. ఇది ఆన్‌లో ఉంటే కొత్త సిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు మిమ్మల్ని అడక్కుండా ఫోన్ ఇండియా సిమ్ డేటాకు మారొచ్చు.
- ఐఫోన్ వాళ్లకు ఇంకో చిన్న కన్నం: సిమ్ మారినప్పుడు ఐమెసేజ్, ఫేస్‌టైమ్ తమంతట తామే ఒక ఇంటర్నేషనల్ ఎస్సెమ్మెస్ పంపుతాయి. వాడనివాళ్లు ఆ రెండూ ఆపేయండి.
- వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు తమంతట దిగడం ఆపండి. గూగుల్ ఫొటోస్ బ్యాకప్, యాప్ అప్‌డేట్లు వైఫై మీద మాత్రమే అని పెట్టండి. ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం వీడియోలే ఒక జీబీని మింగేస్తాయి.
- వెళ్లే ఊరి గూగుల్ మ్యాప్‌ను ఆఫ్‌లైన్‌కి దింపుకోండి. జపాన్, థాయ్‌లాండ్ లాంటి చోట్లకైతే ట్రాన్స్‌లేట్‌లో ఆ భాష కూడా.
- దిగాల్సిన చిరునామా, రిటర్న్ టికెట్ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. ఇమిగ్రేషన్ దగ్గర అడిగేటప్పటికి నెట్ ఉండకపోవచ్చు.

7. విమానంలో, దిగాక

తలుపు మూయగానే ఏరోప్లేన్ మోడ్. కొన్ని విమానాల్లో, క్రూయిజ్ ఓడల్లో వాటికే సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది; ఫోన్ దానికి తగులుకుంటే మామూలు రోమింగ్ ప్యాక్ వర్తించకపోవచ్చు, రేట్లు ఘోరం. ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉండి విమానం వైఫై వాడుకోవచ్చు.

దిగాక వరస ఇది: ఏరోప్లేన్ మోడ్ తీసి కొత్త లైన్ ఆన్ చేయండి. మొబైల్ డేటా దానికి మార్చండి. దాని డేటా రోమింగ్ ఆన్ చేయండి. ట్రావెల్ ఈ-సిమ్‌కు ఇది ఆన్‌లో ఉండాలి, ఇండియా సిమ్‌కు ఆఫ్‌లో ఉండాలి. ఈ రెండూ తారుమారు కావడమే అందరూ చేసే తప్పు. అప్పుడు ఐదు నిమిషాలు వదిలేయండి.

8. పనిచేస్తోందో లేదో పరీక్ష

ఎయిర్‌పోర్టు దాటకముందే, వైఫై ఆఫ్ చేసి చూడండి. వైఫై ఆన్‌లో ఉండగా అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి, క్యాబ్ దగ్గరికి వెళ్లాక బండారం బయటపడుతుంది.

ముందు బ్రౌజర్‌లో ఎప్పుడూ తెరవని ఏదైనా సైటు తెరవండి. తర్వాత డేటా వాడకం పేజీలో లెక్క ఏ సిమ్ కింద పెరుగుతోందో చూడండి, ఇండియా సిమ్ కింద సున్నా ఉండాలి. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఉన్నవాళ్లను మీ నంబరుకి మామూలు ఎస్సెమ్మెస్ పెట్టమనండి, వాట్సాప్ కాదు. సంభాషణ ఇలా నడవాలి:

"నాన్నా, మెసేజ్ పెట్టా, వచ్చిందా?"
"ఆ వచ్చిందిరా, నీలం రంగులో కనిపిస్తోంది."
"అది వాట్సాప్‌లోనా, మెసేజెస్‌లోనా?"
"వాట్సాప్‌లో."
"అది కాదు నాన్నా, ఇంకోటి తెరువు."

నవ్వులాటకు రాయలేదు. సగం ఇళ్లలో ఓటీపీ వస్తోందని అనుకునేది ఈ పరీక్షలోనే తేలిపోతుంది. చివరగా బ్యాంకు యాప్‌లో ఓటీపీ వచ్చే చిన్న పని ఏదైనా చేసి చూడండి.

9. రాకపోతే ఈ వరసలో చూడండి

నెట్ రాకపోతే: ఏరోప్లేన్ మోడ్ అర నిమిషం పెట్టి తీయండి. కుదరకపోతే ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. డేటా సరైన సిమ్ మీద ఉందా, దాని రోమింగ్ ఆన్ అయిందా చూడండి. తర్వాత ఏపీఎన్ (నెట్‌కు కలవడానికి సిమ్ సెట్టింగ్స్‌లో ఉండే పేరు): సిమ్ అమ్మినవాళ్లు ఇచ్చిన కాగితంలో, మెయిల్‌లో ఉన్నది అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. అప్పటికీ రాకపోతే నెట్‌వర్క్‌ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కి మార్చి, జాబితాలో కనిపించే కంపెనీలను ఒక్కొక్కటే ఎంచుకోండి. చాలాసార్లు ఇక్కడ కుదురుతుంది. ఈ-సిమ్ డిలీట్ చేయడం మాత్రం వద్దు.

ఎస్సెమ్మెస్ రాకపోతే: ఇండియా సిమ్ పక్కన ఏదో ఒక అక్కడి కంపెనీ పేరు కనిపించాలి. కనిపించకపోతే దానికీ మాన్యువల్‌గా నెట్‌వర్క్ ఎంచుకోండి. కనిపిస్తున్నా రాకపోతే ప్లాన్ గడువు చూడండి. ఇండియాలోని మనిషితో రీచార్జ్ చేయించి ఫోన్ రీస్టార్ట్ చేయండి. బ్యాంకు ఓటీపీ ఒక్కటే రాకపోతే మెయిల్ చూడండి, పదేపదే "రీసెండ్" నొక్కితే లాక్ చేస్తారు.

10. దేశాన్ని బట్టి మారేవి

యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు పోతాయి, అక్కడి నెట్ మీద వాట్సాప్ కాల్స్ కలవవు. అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ కావాలి. జూమ్, గూగుల్ మీట్ కూడా నడుస్తాయి. ఇందులో మర్చిపోయేది అవతలివాళ్ల సంగతి. మలక్‌పేటలో ఉన్న అమ్మ ఫోన్‌లో కూడా అదే యాప్ వేసి, ఒకసారి మాట్లాడించాకే బయల్దేరండి. వీపీఎన్‌తో (మీ నెట్‌ను వేరే దేశం మీదుగా తిప్పే యాప్) దాటేద్దామని చూడకండి, అక్కడి చట్టంతో పెట్టుకోవద్దు.

చైనాలో అక్కడి సిమ్ వేస్తే గూగుల్, వాట్సాప్, ఫేస్‌బుక్ ఏవీ తెరుచుకోవు, హోటల్ వైఫైలోనూ అంతే. ఇండియా రోమింగ్ ప్యాక్ అయితే నెట్ మన కంపెనీ మీదుగా తిరిగి వస్తుంది కాబట్టి పనిచేస్తుంది. ఖరీదైనా అక్కడికి అదే సరైనది.

సౌదీలో సిమ్‌కు పాస్‌పోర్టు చూపి వేలిముద్ర వేయాలి. ఉమ్రాకి గుంపుగా వెళ్లేటప్పుడు ఒకరి పేరు మీద అందరికీ తీసుకుందామని చూడకుండా ఎవరిది వాళ్లే తీసుకోండి. అక్కడి టెలికాం కంపెనీలు ఎస్‌టీసీ, మొబైలీ, జైన్‌ల కౌంటర్లు జెడ్డా ఎయిర్‌పోర్టులోనే ఉంటాయి. హరమ్‌లో (మక్కాలోని పెద్ద మసీదు) జనం ఎక్కువైనప్పుడు నెట్ మందగిస్తుంది కాబట్టి కలుసుకునే గేటు నంబరు ముందే అనుకోండి.

యూరప్‌లో ఒక దేశంలో కొన్న సిమ్ 2017 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా అదనపు రోమింగ్ ఛార్జీ లేకుండా నడుస్తుంది. స్విట్జర్లాండ్, యూకే అందులో లేవు. ప్యారిస్ నుంచి స్విస్ వెళ్లే టూరు ప్యాకేజీ మనవాళ్లకు మామూలే కదా, కాబట్టి ప్యాక్ మీద "యూరప్" అని ఉంటే సరిపోదు, దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ పేరు కళ్లతో చూడండి.

టర్కీలో బయటి ఫోన్ అక్కడి సిమ్‌తో 120 రోజులు దాటితే ఆగిపోతుంది, నమోదు చేసుకోవాలి. టూరిస్టులకు దీంతో పని లేదు, చదువుకోవడానికి వెళ్లేవాళ్లకు ఉంది.

తిరిగొచ్చాక

శంషాబాద్‌లో దిగగానే మొబైల్ డేటాను ఇండియా సిమ్‌కు మార్చండి. ఇది మర్చిపోయి, నెట్ రావట్లేదని ఇక్కడి కస్టమర్ కేర్‌తో గొడవపడేవాళ్లున్నారు. ఆపేసిన ఐమెసేజ్, డేటా స్విచింగ్ మళ్లీ ఆన్ చేసుకోండి. కార్డులో అంతర్జాతీయ వాడకం మూసేయండి. నెలనెలా తనంతట రెన్యూ అయ్యే ప్లాన్ ఏదైనా కార్డుకి కట్టి ఉంటే రద్దు చేయండి. ఈ-సిమ్ డిలీట్ చేసే ముందు ఆ నంబరుతో అక్కడ ఏ ఖాతా అయినా తెరిచారేమో చూసుకోండి. పిల్లల ప్లాన్‌లో కలిపిన లైన్ అయితే ఆపాలో, వచ్చే ఏడాదికి ఉంచాలో వాళ్లను అడిగి చేయండి.